కరెంటు పనికి పనితనం ఒక్కటే చాలదు

పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులకు మన గ్రామాల్లో చాలా ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది. "వీణ్ణి ఇప్పుడేం చేద్దాం?" మంచి మార్కులు వచ్చిన బిడ్డ గూర్చి ఈ ప్రశ్న అంతగా రాదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు, ఒక సబ్జెక్టు పోయినవాడు, ఇంట్లో డబ్బు లేక కాలేజీ ఆగిపోయినవాడు - వీరి తల్లిదండ్రులకే ఆ బెంగ. అటువంటప్పుడు తెలిసినవారెవరో ఒక సలహా ఇస్తారు. "ఖాళీగా ఉండడం ఎందుకు? మా బావమరిది కరెంటు పని చేస్తాడు, అతని వెంట పంపండి. రెండేళ్ళలో చేతికి పని వస్తుంది." పిల్లవాడు వెళతాడు. మొదట నిచ్చెన మోస్తాడు, గోడలు కొడతాడు, పైపులు దూరుస్తాడు. మరుసటి ఏడు స్విచ్చి బోర్డు తానే బిగిస్తాడు. మూడవ ఏడు వచ్చేసరికి ఊళ్ళో ఎవరి మోటారు ఆగినా కబురు అతనికే వస్తుంది.

ఇది మంచి పనే. కష్టపడి నేర్చుకున్న పనిని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. కాని చట్టం దృష్టిలో ఈ యౌవనస్థుడు ఇంకా ఎలక్ట్రీషియన్ కాలేదన్న సంగతి అతనికి గాని, అతని తల్లిదండ్రులకు గాని, పని చేయించుకునే మనకు గాని తెలియదు. ఎవరూ చెప్పరు. ఏదైనా ప్రమాదం జరిగిన రోజున మాత్రం అందరూ అడుగుతారు, "పర్మిట్టు ఉందా?" అని. అందుచేత ఆ రోజు రాకముందే ఈ సంగతులు మన కుటుంబాలకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

చట్టం ఏమంటున్నది?

విద్యుత్తు పని ఎవరు చేయవచ్చును అన్నది మన దేశంలో కొత్తగా పుట్టిన ప్రశ్న కాదు. 1910లో భారత విద్యుత్ చట్టం వచ్చింది. దాని క్రింద 1956లో చేసిన నియమాల్లో 45వ నియమం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. 2003లో పాత చట్టం పోయి కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. దాని ప్రకారం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, 2023లో వాటి స్థానంలో మళ్ళీ కొత్తవి తెచ్చింది. ఇన్ని మార్పులు జరిగినా మూల సూత్రం మారలేదు.

ఆ సూత్రం ఇది. మన ఇంట్లో కాలిపోయిన బల్బు తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఫ్యూజు వేసుకోవచ్చు. పాడైన స్విచ్చి, ఫ్యాను వంటివాటిని అదే సామర్థ్యం గలవాటితో మార్చుకోవచ్చు. అంతకు మించిన పని, అంటే కొత్తగా వైరింగు చేయడం, ఉన్న వైరింగును పెంచడం, మార్చడం, మరమ్మతు చేయడం - ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. ఆ పనిని కాంపిటెన్సీ సర్టిఫికెట్టు గల సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. చేతితో చేసేవాడికి పర్మిట్టు ఉండాలి.

కాబట్టి ఇక్కడ మూడు కాగితాలు ఉన్నాయి. మనవాళ్ళు చాలామంది ఈ మూడింటినీ కలిపి "లైసెన్సు" అంటారు గాని అవి వేరు వేరు. వైర్‌మన్ పర్మిట్టు పని చేసే చేతికి. సూపర్‌వైజరు కాంపిటెన్సీ సర్టిఫికెట్టు పనిని చూసే కంటికి. కాంట్రాక్టరు లైసెన్సు ఆ పనికి జవాబు చెప్పే మనిషికి. ఇల్లు కట్టేటప్పుడు తాపీ పనివాడు, మేస్త్రి, కాంట్రాక్టరు ఉన్నట్టే ఇక్కడా ముగ్గురు ఉన్నారని అనుకుంటే సులభంగా అర్థమవుతుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకు?

"తాపీ పనికి పర్మిట్టు అడగరు, వడ్రంగానికి అడగరు, దీనికే ఎందుకు?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్నే. వడ్రంగి తలుపు వంకరగా బిగిస్తే మర్నాడే కనబడుతుంది. కరెంటు పనిలో తప్పు గోడ లోపల ఉంటుంది. లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఇంటివారు సంతోషంగా డబ్బు ఇచ్చి పంపుతారు. తప్పు మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే పొంచి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. స్విచ్చి ఎప్పుడూ ఫేజు తీగ మీదనే ఉండాలి. తెలియనివాడు దాన్ని న్యూట్రల్ తీగ మీద పెట్టాడనుకోండి. స్విచ్చి నొక్కితే లైటు ఆరుతుంది, వెలుగుతుంది. ఇంటివారికి ఏ తేడా తెలియదు. కాని లైటు ఆరినా హోల్డరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఒకనాడు ఆ ఇంటి కోడలు స్విచ్చి ఆపేసి, ధైర్యంగా స్టూలెక్కి బల్బు మార్చబోతుంది. ఆ తరువాత ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కర లేదు.

"ఫ్యూజు ఉంది కదా, అది కొట్టేస్తుంది" అని మనవాళ్ళకొక నమ్మకం. దాన్నీ లెక్క వేసి చూద్దాం. మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. పాత 60 వాట్ల బల్బు ఒకటి వెలిగితే దాని గుండా సుమారు 260 మిల్లీఆంపియర్ల కరెంటు పారుతుంది. అందులో ఎనిమిదవ వంతు కూడా లేని 30 మిల్లీఆంపియర్లు దాటిన కరెంటు మనిషి గుండె మీదుగా కొన్ని క్షణాలు పారితే చాలు, ప్రాణాపాయం. 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5,000 మిల్లీఆంపియర్ల వరకు కదలకుండా కూర్చునేది. మనిషి ప్రాణం పోయేంత కరెంటు దానికి లెక్కలోనిది కాదు. ఫ్యూజు తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది సరిగా వేసిన ఎర్తింగు, దానితో పాటు 30 మిల్లీఆంపియర్లు బయటికి కారినా వెంటనే సరఫరా ఆపేసే ఆర్.సి.సి.బి. అనే పరికరం.

ఆ ఎర్తింగు సంగతి కూడా గోడలోని తప్పు వంటిదే. భారత ప్రమాణాల ప్రకారం ఎర్తుకు వేసే జి.ఐ. పైపు కనీసం 2.5 మీటర్ల పొడవు, 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉండాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. ఎండాకాలంలో నీళ్ళు పోస్తూ ఉండాలి. దీనికి బదులు రెండడుగుల ఇనుప ముక్క పాతి మట్టి కప్పేస్తే ఎవరు చూడవచ్చారు? ఆ ఇంట్లో తడి చేతులతో మోటారును గాని, ఫ్రిజ్జును గాని, వేసవిలో కూలరును గాని ముట్టుకునే పసిబిడ్డకు మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

మన దేశంలో విద్యుద్ఘాతం వలన ఏటా పది వేలమందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు చెబుతున్నాయి. 2021 ఒక్క సంవత్సరంలోనే ఆ సంఖ్య 12 వేలు దాటింది. చట్టం మూడు కాగితాలు అడగడానికి కారణం ఇదే.

మొదటి మెట్టు - ఐ.టి.ఐ.

ఈ దారిలో నడవాలనుకునే బిడ్డకు అన్నిటికన్నా తిన్నని మార్గం ఐ.టి.ఐ. 1950లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన కారిగరుల శిక్షణ పథకం క్రింద ఇవి నడుస్తున్నాయి. కరెంటు పనికి ఇందులో ముఖ్యంగా రెండు ట్రేడులు ఉన్నాయి. ఒకటి ఎలక్ట్రీషియన్. దీనికి గణితం, సైన్సు సబ్జెక్టులతో పదవ తరగతి ప్యాసై ఉండాలి. రెండవది వైర్‌మన్. దీనికి ఎనిమిదవ తరగతి ప్యాసైతే చాలు. రెండూ రెండేళ్ళ కోర్సులే. 14 ఏళ్ళు నిండిన బాలురు, బాలికలు ఇద్దరూ చేరవచ్చు.

పదవ తరగతి తప్పిన బిడ్డ గూర్చి ఇక అంతేనని దిగులుపడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. ఎనిమిది ప్యాసైనవాడికి కూడా తలుపు తెరచి ఉంది. అయినా ఆ పోయిన సబ్జెక్టును సప్లిమెంటరీలో రాయించి ప్యాసు చేయించడమే మేలు. పదవ తరగతి మెమో తరువాత ప్రతి చోటా అవసరమవుతుంది.

ఆ రెండేళ్ళలో ఏమి నేర్పుతారు? తీగలకు జాయింట్లు వేయడం, ఇంటి వైరింగు, ఎర్తింగు, మీటర్లు చదవడం, బ్యాటరీలు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వైండింగు. వీటితో పాటు వర్క్‌షాపు లెక్కలు, ఇంజనీరింగు డ్రాయింగు. మేస్త్రి వెంట తిరిగినవాడు "ఇలా కలపాలి" అని నేర్చుకుంటాడు. ఐ.టి.ఐ.లో "ఇలాగే ఎందుకు కలపాలి" అన్నది కూడా నేర్చుకుంటాడు. ఒకనాడు తానెన్నడూ చూడని పరికరం ఎదురైనప్పుడు ఆ "ఎందుకు" అన్నదే అతణ్ణి కాపాడుతుంది. చివరలో అఖిల భారత ట్రేడ్ టెస్టు ఉంటుంది. అందులో నెగ్గితే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్టు వస్తుంది. దేశంలో ఎక్కడైనా చెల్లే కాగితం అది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పట్టణాల్లో మూడు నెలల్లో, ఆరు నెలల్లో ఎలక్ట్రీషియన్‌ను చేస్తామని బోర్డులు పెట్టే సంస్థలున్నాయి. వాటిలో పని నేర్పేవి ఉండవచ్చు. కాని వాళ్ళిచ్చే కాగితాన్ని పర్మిట్టు ఇచ్చే బోర్డు ఒప్పుకుంటుందా అన్నది ముందుగానే అడగాలి. ప్రైవేటు ఐ.టి.ఐ.లో చేర్చేటప్పుడు కూడా ఆ సంస్థకే గాక, ఆ ట్రేడుకు గుర్తింపు ఉన్నదో లేదో చూచుకోవాలి. ఫీజు కట్టిన తరువాత అడిగితే లాభం లేదు. జిల్లాలోని ప్రభుత్వ ఐ.టి.ఐ. ప్రిన్సిపాలుగారి వద్దకు వెళ్ళి అడిగితే ఈ వివరం చెబుతారు. పదవ తరగతి మెమో, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు సిద్ధంగా ఉంచుకుంటే ఫలితాలు రాగానే దరఖాస్తు పెట్టవచ్చును.

రెండవ మెట్టు - అప్రెంటిస్

ఐ.టి.ఐ. ప్యాసవగానే చాలామంది ఇంటికి వచ్చేస్తారు. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే చాలా మేలు జరుగుతుంది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం పరిశ్రమలు శిక్షణార్థులను తీసుకోవాలి, వారికి నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. మన ప్రాంతంలో రైల్వే, విశాఖ ఉక్కు కర్మాగారం, సింగరేణి గనులు, రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. వంటివి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌లను తీసుకుంటూ వచ్చాయి. పెద్ద మోటార్లు, ప్యానెల్ బోర్డులు, భద్రతా పద్ధతులు పల్లెటూరి పనిలో కనబడవు, అక్కడ కనబడతాయి. శిక్షణ పూర్తి చేసి పరీక్ష ప్యాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్టు ఇస్తారు. పర్మిట్టుకు, ఉద్యోగానికి కూడా అది పనికివస్తుంది.

మూడవ మెట్టు - పర్మిట్టు

ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రాన పర్మిట్టు ఉన్నట్టు కాదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు "ఇతడు నేర్చుకున్నాడు" అని చెబుతుంది. పర్మిట్టు "ఇతడు చేయవచ్చును" అని చెబుతుంది. దీనిని రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి శాఖలోని ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది. 2014లో రాష్ట్రం రెండైన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు బోర్డులు ఉన్నాయి. వయస్సు, ఫీజు, అనుభవం విషయంలో ఏ రాష్ట్రపు నిబంధనలు ఆ రాష్ట్రానివే గనుక దరఖాస్తు చేసే ముందు జిల్లాలోని విద్యుత్ తనిఖీ కార్యాలయంలో విచారించాలి. ఒక రాష్ట్రపు పర్మిట్టుతో మరొక రాష్ట్రంలో పని చేయాలంటే అక్కడి ప్రభుత్వం దాన్ని గుర్తించాలి. పర్మిట్టుకు గడువు ఉంటుంది, రెన్యూవల్ చేయించుకోవాలి. బీరువాలో పెట్టి మరచిపోతే గడువు తీరిన పర్మిట్టు లేనిదానితో సమానం.

ఐ.టి.ఐ. చదవకుండానే పదేళ్ళు పని చేసినవారి సంగతేమిటి? గోదావరి డెల్టాలోని ఒక ఊళ్ళో ఇటువంటి యౌవనస్థునితో మేము మాట్లాడాము. అతనికి ఇరవై నాలుగేళ్ళు. పదహారవ ఏటి నుండి ఇదే పని. "మా మండలంలో చాలా ఇళ్ళకి నేనే వైరింగు చేశానండి. ఓ స్కూలు బిల్డింగు పని కూడా మొత్తం నా చేతి మీదే అయ్యిందండి. కానీ సంతకం పెట్టిందేమో టౌనులో ఉండే ఆయనండి. ఆయన ఒక్క రోజు కూడా వచ్చి చూడలేదండి. నాకు రోజు కూలి, ఆయనకి బిల్లు. నాకు పని వచ్చండి, కాగితమే రాలేదండి" అన్నాడు.

ఈ మాటల్లో రెండు అన్యాయాలు ఉన్నాయి. పని తెలిసిన చేతికి తగిన ఫలం రాకపోవడం ఒకటి. చూడని పనికి సంతకం పెట్టడం రెండవది. ఈ రెండవదానివలన ఆ స్కూలు పిల్లలకు ఉండవలసిన రక్షణ ఒకటి తగ్గిపోయింది. పని బాగానే చేసి ఉండవచ్చు, కాని దాన్ని రెండవ కన్ను చూడలేదు.

ఇలాంటివారికి కూడా దారి మూసుకుపోలేదు. అనుభవం గలవారు ప్రైవేటు అభ్యర్థులుగా ట్రేడ్ టెస్టుకు కూర్చునే వీలుంది. లైసెన్సింగ్ బోర్డు నిబంధనల్లో అనుభవానికి గల స్థానమేమిటో తెలుసుకొని దరఖాస్తు పెట్టవచ్చు. అయితే ఎక్కడైనా అనుభవాన్ని రుజువు చేయాలి. "ఊళ్ళో అందరికీ తెలుసు" అన్నది రుజువు కాదు. లైసెన్సు గల కాంట్రాక్టరు తన లైసెన్సు నంబరు వేసి, ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు ఇతడు నా వద్ద పని చేశాడని రాసి ఇచ్చిన కాగితం రుజువు. లైసెన్సు లేని మేస్త్రి వద్ద పదేళ్ళు చేసినా చేతికి పని వస్తుంది గాని, లెక్కలోకి ఒక్క రోజూ రాకపోవచ్చు. కాబట్టి తల్లిదండ్రులు బిడ్డను ఎవరి వెంటనైనా పంపేముందు "ఎంత ఇస్తావు?" అని అడగడానికి ముందు "నీకు లైసెన్సు ఉందా?" అని అడగాలి.

తరువాతి మెట్లు

పర్మిట్టుతో ఆగిపోనక్కర లేదు. డిప్లొమా, ఇంజనీరింగు చదివినవారు తగిన అనుభవంతో సూపర్‌వైజరు కాంపిటెన్సీ సర్టిఫికెట్టు పొందుతారు. ఏళ్ళ అనుభవం గల వైర్‌మన్ కూడా బోర్డు నిబంధనల ప్రకారం ఆ మెట్టు ఎక్కే ప్రయత్నం చేయవచ్చు. ఆ పైన సొంత కాంట్రాక్టరు లైసెన్సు. అందులో పని పరిమాణాన్నిబట్టి గ్రేడులు ఉంటాయి. కాంట్రాక్టరుకు ఒక కార్యాలయం, తన వద్ద పని చేసే సూపర్‌వైజరు, పర్మిట్టు గల వైర్‌మన్లు ఉండాలి. కొలత పరికరాలు కూడా ఉండాలి. 500 వోల్టుల మెగ్గర్, ఎర్తు టెస్టరు, టాంగ్ టెస్టరు వంటివి వాటిలో ముఖ్యం.

ఆ మెగ్గర్ ఊరికే చూపించడానికి కాదు. వైరింగు పూర్తయ్యాక మీటరు బిగించే ముందు దానితో పరీక్షించాలి. 500 వోల్టుల డి.సి. ఒక నిమిషం పాటు ఇచ్చినప్పుడు తీగల ఇన్సులేషను నిరోధం కనీసం ఒక మెగోమ్ ఉండాలి. తక్కువ చూపిస్తే గోడలో ఎక్కడో తీగ దెబ్బ తిన్నదని అర్థం. కంటికి కనబడని తప్పును ఆ ముల్లు చూపిస్తుంది. ఈ పరీక్ష చేసి, ఫలితం కాగితం మీద రాసి, సంతకం పెట్టేవాడే నిజమైన కాంట్రాక్టరు.

స్తంభం ఎక్కవద్దు

ఈ వ్యాసంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది ఇది. వైర్‌మన్ పర్మిట్టు ఉన్నవాడికైనా వీధిలోని కరెంటు స్తంభం ఎక్కే హక్కు లేదు. ట్రాన్స్‌ఫార్మరు ముట్టుకునే హక్కు లేదు. అవి విద్యుత్ పంపిణీ సంస్థవి. కాని పల్లెల్లో ఏమి జరుగుతున్నది? పొలం ఎండిపోతుంటుంది, ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతుంది, లైన్‌మన్ వేరే ఊళ్ళో ఉంటాడు. రైతులు ఆ పిల్లవాణ్ణి పిలుస్తారు. "నీకు తెలుసు కదరా, కొంచెం ఎక్కి వెయ్యి." కాదంటే మాట పోతుందని వాడు ఎక్కుతాడు.

లైన్‌మన్ ఎక్కేటప్పుడు ఒక పద్ధతి ఉంది. సబ్‌స్టేషనుకు చెప్పి ఎల్.సి. తీసుకుంటాడు, అంటే లైను ఆపించి, ఆపినట్టు నిర్ధారణ చేసుకుంటాడు. తరువాత లైనును ఎర్తు చేస్తాడు. పని ముగిసి అతడు చెప్పేవరకు సరఫరా ఇవ్వరు. మన పిల్లవాడు ఎక్కేటప్పుడు సబ్‌స్టేషనులో ఉన్నవారికి అక్కడ ఒక మనిషి ఉన్నాడనే తెలియదు. పక్క ఇంటి జనరేటరు నుండి కూడా కరెంటు వెనక్కు రావచ్చు. పడిపోతే ఉద్యోగి కాదు గనుక ఉద్యోగికి వచ్చే పరిహారం అతని కుటుంబానికి రాదు. పిలిచినవారు ఆ వారం కంటతడి పెడతారు. తల్లి మాత్రం జీవితాంతం ఏడుస్తుంది. రైతు సోదరులారా, ఒక్క పూట నీరు ఆగినా పరవాలేదు, ఎవరి బిడ్డనూ స్తంభం ఎక్కించకండి.

స్తంభం మీద పనే కావాలనుకునే యౌవనస్థులకు దానికీ సక్రమమైన దారి ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడు-2 వారిని తీసుకున్నప్పుడు ఐ.టి.ఐ. ఎలక్ట్రికల్, వైర్‌మన్ ట్రేడులవారికి, ఇంటర్ వొకేషనల్‌లో కరెంటు సంబంధమైన కోర్సులు చదివినవారికి అవకాశం ఇచ్చారు. స్తంభం ఎక్కడం, మీటరు చదవడం, సైకిలు తొక్కడం అందులో పరీక్షలు. ఈ పని మగపిల్లలకే అనుకోనక్కర లేదు. అదే 2019లో తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు స్త్రీలను అనుమతించకపోతే కొందరు యువతులు హైకోర్టుకు వెళ్ళారు. 2020 డిసెంబరులో స్తంభమెక్కే పరీక్షలో నెగ్గి, తరువాత ఉద్యోగాలు సంపాదించారు. ఐ.టి.ఐ.లో మీ అమ్మాయి ఎలక్ట్రీషియన్ ట్రేడు అడిగితే వద్దనకండి.

గల్ఫు దేశాలకు వెళ్ళేవారికి

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి, గోదావరి, కడప జిల్లాల నుండి ఈ పని మీద గల్ఫుకు వెళ్ళే కుటుంబాలు మనలో ఉన్నాయి. అక్కడ కూడా కాగితం లేని చేతికి హెల్పరు జీతమే. సౌదీ అరేబియా అయితే ఎలక్ట్రీషియన్ వంటి పనులకు వచ్చేవారికి మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతున్నది. పదవ తరగతి మెమో, నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్టు, అనుభవ పత్రాలు ఉన్నవాడు ధైర్యంగా వెళతాడు. ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళాలి. "అక్కడికి వెళ్ళాక ఎలక్ట్రీషియన్‌గా మారుస్తారు" అన్న మాట నమ్మి అప్పు చేయవద్దు.

పని చేయించుకునే మన వంతు

పర్మిట్టు తెచ్చుకోమని యౌవనస్థులకు చెప్పి, పని మాత్రం తక్కువకు చేసేవాడికి ఇస్తే వారెందుకు తెచ్చుకుంటారు? ఇల్లు కట్టుకునేటప్పుడు లక్షలు ఖర్చు పెడతాం, ఎర్తింగు దగ్గర వెయ్యి రూపాయలు మిగుల్చుకోవాలని చూస్తాం. ఇకమీదట పని ఇచ్చేముందు ఈ నాలుగు మాటలు అడుగుదాం. పర్మిట్టు చూపిస్తారా, గడువు ఉందా? సంతకం పెట్టే కాంట్రాక్టరు వచ్చి పని చూస్తారా? ఎర్తు గొయ్యి తవ్వేటప్పుడు మమ్మల్ని పిలుస్తారా? చివరలో మెగ్గర్ పెట్టి చూపిస్తారా? నిజంగా పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

మన మందిరాలకూ ఇది వర్తిస్తుంది. క్రిస్మస్‌కు నక్షత్రాలు, సీరియల్ లైట్లు కడతాం. ఉజ్జీవ కూటాలకు ఇనుప పైపులతో పందిరి వేసి వాటి మీదుగానే తీగలు లాగుతాం. డిసెంబరు మంచు, తడి నేల, వందలమంది జనం, పైపులు పట్టుకుని వేలాడే చిన్నపిల్లలు. ఆ పనిని ఉత్సాహం గల యౌవనస్థులకు వదిలివేయడం ప్రేమ కాదు. తాత్కాలిక కనెక్షను అనుమతితో తీసుకొని, పర్మిట్టు గలవారి చేత వేయించి, ఆర్.సి.సి.బి. పెట్టించడం సంఘ పెద్దల బాధ్యత. సంఘంలో పని తెలిసి కాగితం లేని బిడ్డ ఉంటే, దరఖాస్తు నింపి పెట్టడం, ఫీజుకు సాయపడడం, జిల్లా కార్యాలయానికి ఒకసారి తోడు వెళ్ళడం చదువుకున్నవారు చేయగలరు.

మీ ఇంట్లో పదవ తరగతి ముగించిన బిడ్డ ఉంటే, కరెంటు పని మీద ఇష్టం చూపిస్తే, సంతోషంగా పంపండి. అది గౌరవప్రదమైన వృత్తి. అయితే మేస్త్రి వెంట వెళ్ళి త్వరగా నాలుగు రూపాయలు తేవాలని తొందరపెట్టకండి. రెండేళ్ళు ఐ.టి.ఐ., ఒక ఏడు అప్రెంటిస్, ఆ తరువాత పర్మిట్టు. మూడు నాలుగేళ్ళు పట్టే దారి అది. ఆ పర్మిట్టుతో అతడు తాను క్షేమంగా ఉంటాడు, తాను తీగ లాగిన ఇంటివారినీ క్షేమంగా ఉంచుతాడు.